ఏడో మూర దగ్గర

పంచాక్షరయ్య గారిని ఎవరు ఏ సందేహం అడిగినా, ముందు వాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. కండెలకి దారం చుట్టమనో, చిక్కుపడిన నూలు విడదీయమనో, ఏమీ లేకపోతే మగ్గం గుంట చుట్టూ ఊడ్చమనో చెప్పేవారు. పని సగంలో ఉండగా జవాబు వస్తే వచ్చేది, లేకపోతే వచ్చే ఆదివారానికి వాయిదా పడేది. గిట్టనివాళ్లు దీన్ని జ్ఞానం ఎర వేసి కూలి మిగుల్చుకోవడం అనేవారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. "నిజమే కదా మరి," అని నవ్వి ఊరుకున్నారు.

ఆయన పుట్టుకతో నేతగాడు. గోదావరి కాలవ పక్కన ఒక నేత ఊళ్లో, పెంకుటింటి ముందుగదిలో, అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా నడుందాకా గుంటలో దిగి నూలు చీరలు నేసేవారు. కాషాయం లేదు, ఆశ్రమం లేదు. లుంగీ, చిల్లుల బనీను, అంతే ఆయన వేషం. తన గురువుగారి దగ్గర నేర్చుకున్న తత్వాలు ఆదివారం పొద్దున్న పాడేవారు. వినడానికి ఓ పదిమంది వచ్చేవారు. వాళ్లలో పెద్దగా చదువుకున్నవాళ్లెవరూ లేరు, రెక్కాడించుకుని బతికేవాళ్లే అందరూ. వరహాలమ్మ ఆ పదిమందిలో ఒకతె.

ఆమెకి ఆ పేరు పెట్టిన తాతగారు ఏ ధైర్యంతో పెట్టారో గానీ, పదో తారీఖు దాటాక వరహాలమ్మ చేతిలో పది రూపాయలు నిలిచిన నెల లేదు. రెండున్నరేళ్ల కిందట ఆమె భర్త గోవిందు తాపీ పని చేస్తూ పరంజా మీంచి పడ్డాడు. నడుం విరిగింది. ఆస్పత్రి ఖర్చు కోసం ఒక ఫైనాన్సు కంపెనీలో రెండు లక్షలు తీసుకున్నారు. ప్రతి నెలా పదో తారీఖున అయిదువేల మూడువందల చొప్పున అరవై కిస్తీలు. గోవిందు బతికాడు, లేచి నడిచాడు కూడా, కానీ ఇటుక ఎత్తలేడు. కొబ్బరికాయల గోదాములో కాపలా పనికి కుదిరాడు. వరహాలమ్మ పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇద్దరి జీతం కలిపితే పదిహేడు వేలు. కిస్తీ, ఇంటద్దె పోగా మిగిలినదానితో ఆ ఇద్దరూ, హైస్కూల్లో చదివే కూతురు శ్రావ్య, నెల గడుపుకోవాలి.

మొదట్లో ఆమె ఈ అప్పు మీద నడుం బిగించి దిగింది. పొదుపు సంఘం మీటింగుకి పట్నం నుంచి వచ్చిన ఒకావిడ, అప్పు తీర్చేవాళ్లకి ఉత్సాహమే పెట్టుబడి అని, ప్రతి కిస్తీనీ ఒక గెలుపుగా భావించి నవ్వుతూ కట్టాలని చెప్పింది. ఆవిడ చెప్పినట్టే వరహాలమ్మ పాత క్యాలెండరు వెనకవైపు అరవై గడులు గీసి వంటింటి తలుపుకి అంటించింది. కాఫీ మానేసింది. నూనె సీసా వంచడం మాని చెంచాతో కొలవడం నేర్చుకుంది. శ్రావ్య తన స్కెచ్ పెన్నులతో తొమ్మిది గడులకి తొమ్మిది రంగులు వేసింది. పదో నెలలో ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చి గడి సంగతి మర్చిపోయారు. పదకొండో నెలలో గుర్తొచ్చింది గానీ ఎవరికీ రంగు వెయ్యబుద్ధి కాలేదు. ఆ తర్వాత కిస్తీలు పడుతూనే ఉన్నాయి, గడులు మాత్రం ఖాళీగా ఉండిపోయాయి. పొయ్యి ముందు నిలబడినప్పుడల్లా ఆ ఖాళీ గడులు కంటపడి, తానేదో తప్పు చేస్తున్నానన్న దిగులు ఆమెను పట్టుకుంది.

అప్పు ఇచ్చినవాడి బాధకన్నా ఈ దిగులే ఎక్కువైంది. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షనుకి పిలిస్తే, చదివింపులు చదివించలేక ఒంట్లో బాగాలేదని చెప్పింది. స్కూలు వాళ్లు పిల్లల్ని అరకు తీసుకెళ్తామంటే, శ్రావ్య ఆ కాగితం ఇంటికి తేకుండా సంచిలోనే దాచేసింది. అది నెల తర్వాత పుస్తకాలు సర్దుతుంటే బయటపడింది. పిల్ల అడిగి ఏడ్చినా బాగుండేదని వరహాలమ్మకి అనిపించింది. అడక్కుండా దాచడం ఆమె ప్రాణానికి నొప్పిగా తగిలింది.

సరిగ్గా అలాంటప్పుడే, ఇరవై ఆరో కిస్తీ కట్టిన రోజున, వసూలుకొచ్చే కంపెనీ మనిషి ఒక తీపి కబురు చెప్పాడు. ఇన్నాళ్లూ వాయిదా తప్పలేదు గనక కంపెనీ ఆమెకి మళ్లీ రెండు లక్షలు ఇస్తుందట. పాత బాకీ అందులోంచి మినహాయించుకుని చేతికి యాభై వేలు ఇస్తారట. కిస్తీ పెరగదు, అదే అయిదువేల మూడువందలు. పైగా మొదటి రెండు నెలలు అసలు కట్టక్కర్లేదు. కాకపోతే నెలలు మళ్లీ ఒకటి నుంచి అరవై. మిగిలిన ముప్ఫై నాలుగు కాస్తా అరవై అవుతాయని వరహాలమ్మకి తెలియక కాదు. ఆమె చెవికి ఎక్కింది ఆ రెండు నెలల మాట ఒక్కటే. ఒక్క పదో తారీఖు గుండె దడ లేకుండా నిద్ర లేస్తే ఎలా ఉంటుందో చూడాలని ఆమెకి మహా ఆశగా ఉంది.

వచ్చే పదో తారీఖు మంగళవారం. దానికి రెండు రోజుల ముందు ఆదివారం నాడు, తత్వాలు అయ్యాక, కండెలు చుడుతూ ఆమె నోరు విప్పింది.

"గురువుగారండీ, మనసు పెట్టకుండా చేసిన పూజ ఫలించదంటారు కదండి. మరి మనసు పెట్టకుండా కట్టే అప్పు తీరుతుందాండి?"

కూర్చున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు.

"నవ్వకండి. మొదట్లో హుషారుగానే కట్టానండి. ఇప్పుడు ప్రతి నెలా తిట్టుకుంటా కడతన్నాను. ఆయన్ని తిట్టుకుంటాను, పరంజా కట్టినోణ్ణి తిట్టుకుంటాను. మొన్న పిల్ల మారు అన్నం అడిగితే దాన్ని కూడా కసిరేశానండి." చేతిలోని కండె పక్కన పెట్టి, కొత్త అప్పు సంగతంతా చెప్పింది. "ఎల్లుండి వేలిముద్ర వేసేద్దామనుకుంటన్నాను. రెండు నెలలు ఊపిరి పీల్చుకుంటే మళ్లీ ఆ ఉత్సాహం వస్తుందేమోనండి. ఉత్సాహం లేకుండా ఇంకో ముప్ఫై నాలుగు నెలలు నా వల్ల కాదు."

మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది. గురువుగారు ఏదో తత్వం ఎత్తుకుంటారని అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన గుంటలోంచి మెల్లిగా పైకొచ్చి, మోకాలు పట్టుకుని నిలదొక్కుకుని, చెక్కపెట్టె మీద మడతపెట్టి ఉన్న నేరేడు రంగు చీర తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

"ముందు ఇది చూసిపెట్టమ్మా. రేపు చీర తీసుకెళ్లడానికి షావుకారు మనిషొస్తాడు."

చీర చూడటం ఆ ఇంట్లో ఒక పద్ధతి. మగ్గం మీంచి దిగిన చీర నేసినవాడి కంటితో చూస్తే సరిపోదు, వేరే చెయ్యి పడాలి. పూర్వం ఆ పని గురువుగారి భార్య, అందరూ అమ్మగారని పిలిచే ఆవిడ, చేసేది. ఆవిడ నిరుడు పోయింది. అప్పటినుంచి వరహాలమ్మ చేస్తోంది. కిటికీ దగ్గర వేలాడదీసిన వెదురు గడ మీద చీర పరిచి, కింద నాలుగు వేళ్లు, పైన బొటనవేలు ఉంచి, వెలుతురుకి ఎదురుగా మూర తర్వాత మూర తడుముకుంటూ పోవాలి. ఎక్కడైనా పోగు జారినా, బిగువు తప్పినా వేలికి తగులుతుంది. దొరికిన తప్పుని షావుకారుకి ముందే చెప్పుకోవచ్చు. వరహాలమ్మ బొటనవేలు దాటుకుని ఒక్క తప్పు కూడా ఇంతవరకూ ఆ ఇంటి గడప దాటలేదు. తన జీవితంలో ఇంకే విషయంలోనూ ఆమెకి అంత పేరు లేదు.

ఆమె లేచి చేతులు కడుక్కుంటుంటే గురువుగారు అన్నారు:

"అది పదహారు రోజులు నేశానమ్మా. అందులో ఒకరోజు మీ అమ్మగారి సంవత్సరీకం. భోజనాలయ్యి అందరూ వెళ్లాక గుంటలో దిగాను. కళ్లనీళ్లు తుడుచుకుంటానే నేశాను. ఇంకో మూడు రోజులు ఈ మోకాలు వాచి, మగ్గం తొక్కినప్పుడల్లా ప్రాణం పోయింది. ఇంకొన్నాళ్లు ఏ కారణం లేకుండానే కూచోబుద్ధి కాలేదు. ఆ రోజులు ఎక్కడెక్కడున్నాయో నీ చేతికి తెలుస్తాయేమో చూడు."

"ఎందుకు తెలవదండి? విసుగ్గా చేసిన పని చేతికి తెలిసిపోద్ది," అంది వరహాలమ్మ. హాస్టల్లో తాను విసుక్కుంటూ వండిన పప్పు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు మరి.

మొదటి మూర అయింది, రెండోది అయింది. నేత కుదురుగా, ఒక్క తీరుగా ఉంది. మూడు, నాలుగు. వేలు జారిపోతోంది, ఎక్కడా ఆగడం లేదు. ఆమెకి పట్టుదల వచ్చింది. ముసలాయన ఏడుస్తూ నేసింది ఎక్కడో ఉండే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? అయిదు, ఆరు. ఏడో మూర సగంలో ఆమె బొటనవేలు ఠక్కున ఆగింది. కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. వేలెడు మేర అడ్డంగా నడవాల్సిన పేకపోగు ఒకటి లేదు. వెలుతురులో సన్నగా గీత కనిపిస్తోంది.

"ఇదిగోనండి, దొరికింది. అమ్మగారి సంవత్సరీకం నాటిది ఇదేనండి," అంది. అని, ఆ మాట అలా అరిచి చెప్పినందుకు నొచ్చుకుంది.

గురువుగారు లేచి రాలేదు, చూడనూ లేదు. "ఏడో మూరేనా?" అన్నారు.

"ఆయ్."

"అది మా అమ్మాయికి కూతురు పుట్టిందని ఫోనొచ్చిన పూటమ్మా. ఏం పేరు పెడదామా అనుకుంటా నాడె విసిరాను. పాట కూడా పాడినట్టున్నాను. పోగు తెగింది చూసుకోలేదు."

వరహాలమ్మ మిగిలిన అయిదు మూరలూ తడిమింది. అంతా అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి పన్నెండు మూరలూ ఇంకోసారి తడిమింది. ఏడో మూర దగ్గర తప్ప ఆమె వేలు ఎక్కడా ఆగలేదు.

"మరి సంవత్సరీకం నాటిది ఎక్కడుందండి?"

"ఏమోనమ్మా. నేసినవాణ్ణి, నేనూ వెతికాను. నాకూ దొరకలేదు."

"అయితే సంతోషంగా చెయ్యకూడదంటారా?"

"ఎందుకు చెయ్యకూడదు? షావుకారు రెండొందలు కోత కోస్తే కొయ్యనీ. ఆ పూట నాకు బాగుంది." ఆయన మళ్లీ గుంటలోకి దిగుతూ, మోకాలు పట్టేసి, అబ్బా అని మూలిగారు. కాస్త తేరుకుని నాడె అందుకున్నారు.

"మరి నేనడిగిందానికి ఏం చెప్పారండి?"

"చీర మడత పెట్టి పెట్టెలో పెట్టమ్మా. దుమ్ము పడుద్ది."

దారిలో వరహాలమ్మకి జ్ఞానోదయం వంటిదేమీ కాలేదు. నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. ఇంత బతుకు విప్పి చెప్పుకుంటే ముసలాయన చీర చూపించి పంపేశాడనుకుంది. ఎండ నెత్తి మీద ఉంది, చెప్పు తెగేలా ఉంది, సాయంత్రం హాస్టల్లో వంద మందికి వండాలి. ఇంటికెళ్లేసరికి గోవిందు ముక్కాలి పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతున్నాడు. కిందకి వంగలేడు గనక అతనికి ఆ పీటే గతి.

"ఏవన్నారు గురువుగారు?" అన్నాడు.

"ఏవీ అన్లేదు. చీర చూడమన్నారు."

గోవిందు తరుగుడు ఆపి, తల ఎత్తకుండానే, "నీకు అంత కష్టంగా ఉంటే ఆ వేలిముద్ర వేసెయ్, వరాలూ. నేనేవీ అనుకోను. అంతా నా మూలానే కదా," అన్నాడు.

"ఆ మాట అన్నావంటే వంకాయలు నీ నెత్తిన పోస్తాను," అంది ఆమె. కానీ ఆ మాట ఆమె నెలకోసారైనా మనసులో అనుకుంటూనే ఉంది, అతనికి అది తెలిసిపోయిందని సిగ్గుతో చితికిపోయింది.

మంగళవారం పొద్దున్న కంపెనీ మనిషి వీధి చివర కిళ్లీ కొట్టు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. వరహాలమ్మని చూడగానే ముఖం వికసించింది. కాగితాలన్నీ సిద్ధం చేసుకునే వచ్చాడు.

"రండమ్మా, మీ కోసమే చూస్తన్నాను. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది, అలిసిపోయారు. ఇక్కడ వేలు పెట్టండి చాలు. సాయంత్రానికి డబ్బు మీ ఖాతాలో పడిపోద్ది. రెండు నెలలు హాయిగా ఉండండి."

వేలిముద్ర మిషన్ అగ్గిపెట్టెకి రెండింతలుంటుంది. దాని గాజుబిళ్ల ఎర్రగా వెలిగింది. వరహాలమ్మ కుడిచేతి బొటనవేలు కొంగుకి తుడుచుకుంది. తడి ఉంటే ముద్ర పడదని ఆమెకి తెలుసు. వేలు మిషన్ దాకా వెళ్లింది. ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం. ఆమె అలిసిపోయింది. ఎముకల్లోంచి అలిసిపోయింది. ఇరవై ఆరు నెలల్లో తొమ్మిది నెలలు తప్ప ఏ నెలా ఆమె ఇష్టంగా కట్టలేదు. వేలు గాజు మీద ఆనబోతుండగా, ఆదివారం నాడు అదే వేలు పన్నెండు మూరల పొడవునా రెండుసార్లు వెతికిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. వెతికింది దొరకలేదని కూడా గుర్తొచ్చింది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. జాకెట్టులోంచి చిన్న పర్సు తీసి, అయిదువేల మూడువందలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. అందులో వందలు, యాభైలు, ఆఖరికి ఇరవైలు కూడా ఉన్నాయి. లెక్కపెడుతుంటే కళ్లనీళ్లు వచ్చేశాయి. అవి త్యాగంతోనో, గెలుపుతోనో వచ్చినవి కావు. చేతికందిన రెండు నెలలు చేజేతులా వదులుకుంటున్నందుకు వచ్చినవి. కంపెనీ మనిషి కంగారుపడి, "ఏడుస్తారేంటమ్మా, ఇందులో బలవంతం ఏముంది?" అన్నాడు.

"ఏడిస్తే మీకేంటండి? కిస్తీ ఇస్తన్నాను కదా. చీటీ ఇవ్వండి," అని కసిరింది వరహాలమ్మ.

బల్ల మీదున్న రసీదు మిషన్ బుర్రుమని చిన్న చీటీ కక్కింది. ఆమె దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని వంటకి వెళ్లిపోయింది. ఆ రోజు సాంబారులో ఉప్పు ఎక్కువైంది. వంటింటి తలుపు మీద ఇరవై ఏడో గడి కూడా ఖాళీగానే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె అందరికన్నా ముందు వచ్చింది. గురువుగారు అప్పుడే గుంటలో దిగి, మగ్గం మీద కొత్త పడుగు సర్దుకుంటున్నారు. వరహాలమ్మ కండెల బుట్ట ముందుకి లాక్కుని కూర్చుంది. ఆమే ఉండబట్టలేక చెప్పింది.

"కొత్త లోను తీసుకోలేదండి. కిస్తీయే కట్టాను. కానీ మీతో అబద్ధమెందుకండి, సంతోషంగా కట్టలేదు. బజార్లో అందరి ముందూ ఏడుస్తానే కట్టాను. వచ్చే నెల కూడా అలాగే కడతానేమో."

"చీటీ ఇచ్చాడా?"

"ఇచ్చాడండి."

"ఏదీ?"

ఆమె పర్సులోంచి తీసి ఇచ్చింది. పంచాక్షరయ్య గారు దాని మడత విప్పి, కింద నాలుగు వేళ్లు పెట్టి, పైన బొటనవేలు ఆనించి, కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తడుముకుంటూ వెళ్లారు. చీర చూసినంత శ్రద్ధగా చూశారు. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చారు. తర్వాత చీటీ ఆమె చేతిలో పెట్టి అన్నారు:

"ఏడుస్తా కట్టానన్నావు కదమ్మా. నాకెక్కడా తగల్లేదే?"